ఏడో కణుపు

మొదట్లో శంకర్రావు చేతిలో ఉన్న పెట్టుబడి నూట ఎనభై ఇంగ్లీషు మాటలు. ఇల్లు లేదు, భూమి లేదు, చదువు ఏడో తరగతితో సరి. విమానాలు బాగుచేసే ముసలి మెకానిక్ ఒకాయన దగ్గర ఆరేళ్లు పనిముట్ల పెట్టె మోసి, ఆయన మెచ్చినప్పుడొకటి, తిట్టినప్పుడొకటి ఏరుకున్న సరుకు అది. తిట్టినప్పుడు దొరికినవే ఎక్కువ.

సరుకు ఉన్నవాడికి గిరాకీ ఎక్కడుందో తెలియాలి. శంకర్రావుకు అది రక్తంలోనే ఉంది. అతని ముత్తాత పాలమూరు నుంచి మనుషుల్ని తెచ్చి ఈ మరాఠీ మహానగరంలో తెల్లదొరల మేడలకు రాళ్లు మోయించిన మేస్త్రీ. దొర మేస్త్రీతో మాట్లాడేవాడు, మేస్త్రీ కూలీలతో మాట్లాడేవాడు. ముఠాకు చేతులు ఎన్ని ఉన్నా నోరు ఒకటే ఉండాలి, అది మేస్త్రీది కావాలి. నాలుగు తరాల నుంచి కామాటిపుర తొమ్మిదో గల్లీలో ఆ కుటుంబం నిలబడింది ఈ ఒక్క సూత్రం మీదే.

ఇప్పుడు దొరలు లేరు, విమానాలున్నాయి. ఎయిర్‌పోర్టులో సామాను ఎక్కించడానికి, దించడానికి, సీట్ల కింద ఊడ్వడానికి ఒక కంపెనీకి శంకర్రావు మనుషుల్ని పెడతాడు. అతని ముఠాలో ఇరవై ముగ్గురు, అందరూ పాలమూరు వైపు వాళ్లే. విమానం ఏ దేశానిదైనా కానీ, నేల మీద ఆగాక దాని చుట్టూ తిరిగే మాట ఇంగ్లీషే. పైన పైలెట్‌కూ కింద టవర్‌కూ మధ్య నడిచేదీ అదే. అది ఎవరి అమ్మ మాటా కాదు. అందరూ అరువు తెచ్చుకున్నదే. అందుకే అక్కడ ఒక పద్ధతి పెట్టుకున్నారు. చెప్పినదాన్ని విన్నవాడు తిరిగి చెప్పాలి. ఇంత ఎత్తుకు దిగమంటే, ఇంత ఎత్తుకు దిగుతున్నానని అనాలి. తిరిగి సరిగ్గా చెబితే అర్థమైనట్టే లెక్క.

ఆ లెక్క తెలిసిన రోజే శంకర్రావుకు దారి దొరికింది.

ఎందుకంటే ఆ ఏడు కంపెనీ కొత్త నియమం తెచ్చింది. విమానం దగ్గరికి వెళ్లే ప్రతి మనిషీ ఇరవై నాలుగు ఇంగ్లీషు ప్రశ్నలకు సొంత నోటితో జవాబు చెప్పాలి. చెప్పలేనివాడి కార్డు రద్దు. శంకర్రావు దీన్ని రెండు వైపులా తూచి చూశాడు. ముఠా పరీక్ష తప్పితే మనుషులు పోతారు. ముఠా ఇంగ్లీషు నేర్చుకుంటే మనుషులుంటారు, మేస్త్రీ పోతాడు. ఇరవై మూడు నోళ్లు లేచాక ఇరవై నాలుగో నోరు ఎవరికి కావాలి?

అందుకని అతను వాళ్లకు ధ్వని ఇచ్చాడు, అర్థం ఇవ్వలేదు.

రోజూ సాయంత్రం, తామంతా ఒక్కో గదిలో అద్దెకుండే చాల్ రెండో అంతస్తు వరండాలో ముఠాను కూర్చోబెట్టేవాడు. నాలుగు వేళ్లకు పన్నెండు కణుపులు, రెండు చేతులకు ఇరవై నాలుగు. ప్రశ్నకొక కణుపు. బొటనవేలు కణుపు మీద ఆనితే జవాబు దానంతటదే నోట్లోంచి రావాలి.

"ఏడు" అన్నాడు ఒకనాడు.

మొగులయ్య కళ్లు మూసుకుని బొటనవేలు ఏడో కణుపు మీద పెట్టాడు. యాభై ఏళ్ల మనిషి, మూటలు మోసి మోసి భుజం ఒకవైపుకు ఒరిగిపోయింది. "స్టాండింగ్ క్లియర్ సార్" అన్నాడు.

"శాబాష్. పైలెట్ గూడ ఇంత సాఫ్ అనడు."

"గట్లయితే రేపటి సంది విమానం గూడ వీన్నే తోలుమను" అంది నర్సమ్మ, తమలపాకు నములుతూ. "మమ్ములందర్ని మక్తల్‌ల దింపి, మల్ల డ్యూటీకి తెస్తడు."

అందరూ నవ్వారు. నవ్వనిది మొగులయ్య కూతురు కవిత ఒక్కతే. పందొమ్మిదేళ్ల పిల్ల, పది పాసైంది, విమానం లోపల ఊడ్చే పని.

"శంకర్ కాకా, ఏడుకు అర్థమేంది?"

"అర్థం తోటి నీకేం కామ్ పోరీ? అయ్యగారు మంత్రం చదివితె అర్థం అడుగుతవా?"

"అయ్యగారి మీదికి విమానం నెట్టే ట్రాక్టర్ రాదు గద కాకా."

"చూడు, అర్థం ఎరుకయితె నాలుక ఆగి ఆలోచిస్తది. ఆగినోడు ఫేల్. నోరు నడవాలె, బస్. చల్, ఎనిమిది."

పరీక్షలో ఇరవై ముగ్గురూ నెగ్గారు. ఇంత మంచి ముఠాను చూడలేదని అధికారి మెచ్చుకున్నాడు. ఆ మెప్పును ముఠాకు తెలుగులోకి మార్చి చెప్పింది శంకర్రావే. అందులోంచి కొంత తనకు మిగుల్చుకున్నాడు.

జూలైలో, వాన అప్పుడే వెలిసిన ఒక మధ్యాహ్నం, విమానం ఒకటి వెనక్కి బయల్దేరాల్సి ఉంది. ముందు చక్రాలకు అడ్డుపెట్టిన రబ్బరు దిమ్మలు తీసే పని మొగులయ్యది. ఒక దిమ్మ తడిసి బిగుసుకుపోయింది. మొగులయ్య వంగి, కాలు తన్నిపెట్టి, తాడు పట్టి లాగుతున్నాడు. విమానం వాళ్ల ఇంజనీరు చక్రానికి ఆవలి పక్క ఉన్నాడు. ఎక్కడి దేశం వాడో, అతనిదీ అరువు ఇంగ్లీషే. ఈవల ఉన్న మనిషి అతనికి కనపడడు.

"స్టాండ్ క్లియర్" అన్నాడు ఇంజనీరు. దూరం జరిగి నిలబడు అని.

మొగులయ్యకు వినపడింది ఏడో కణుపు. వంగినవాడు వంగినట్టే, తాడు వదలకుండా, "స్టాండింగ్ క్లియర్ సార్" అన్నాడు. జరిగి నిలబడ్డాను అని. ఒక్క అక్షరం తడబడలేదు.

అంత శుభ్రంగా జవాబు వచ్చాక ఇంజనీరు ఇంకేం చూస్తాడు? బొటనవేలు పైకెత్తాడు. విమానాన్ని నెట్టే ట్రాక్టర్ కదిలింది.

కుడి కాలు మోకాలి కింద నుంచి తీసేశారు. నాగ్‌పాడా దగ్గరి ఆసుపత్రి వరండాలో అంజమ్మ, మొగులయ్య భార్య, శంకర్రావు చేతులు పట్టుకుని ఏడ్చింది. "నువ్వే మాకు దిక్కు అన్నా. సాబుల కాడ మాట్లాడెటోనివి నువ్వే." అవునన్నాడు శంకర్రావు. అప్పటికే అతని మనసు విచారణ దాకా వెళ్లి వచ్చింది. మొగులయ్యకు అర్థం తెలియదని తేలితే, ఎవరు నేర్పారన్నది రెండో ప్రశ్న. మూడో ప్రశ్న ఉండదు.

విచారణ మూడు వారాలకు జరిగింది. కంపెనీ నుంచి ఒక అధికారి, విమానం వాళ్ల తరఫున ఒక అధికారి. ఇద్దరికీ తెలుగు ముక్క రాదు. ఫోన్లు గుమ్మం దగ్గరే తీసుకున్నారు. మొగులయ్యను చక్రాల కుర్చీలో తెచ్చారు. కుర్చీ వెనక కవిత నిలబడింది.

అధికారి అడిగాడు. శంకర్రావు మొగులయ్య వైపు వంగి, "ఏమైందో చెప్పుమంటుండు" అన్నాడు.

"ఏం జెప్పాలె శంకరన్నా. ఆయన ఏడో కణుపు అన్నడు, నేను ఏడో కణుపు అన్న. జరుగుమంటుండని నాకేం ఎరుక? ఎరుకుంటె జరగకపోదునా? అర్థం జెప్పకుంటనే నేర్పిన్రని చెప్పు సాబుకు. నీకైతే అంత ఎరుకే గద, మంచిగ సమజయ్యేటట్టు నువ్వే జెప్పు."

శంకర్రావు తన నూట ఎనభై మాటల్లోకి చూసుకున్నాడు. మిస్టేక్ అనే మాట గల్లీలో చంటిపిల్లలకూ తెలుసు. రాంగ్ కూడా అంతే. వెనక కవిత చెవులున్నాయి. ప్రమాదాల రిపోర్టుల్లో తప్ప ఎక్కడా వినపడని మాటలు అడుగున కొన్ని ఉన్నాయి. వాటిని పైకి తీశాడు.

"హి అండర్‌స్టుడ్ అండ్ అక్నాలెడ్జ్‌డ్ ది ఇన్‌స్ట్రక్షన్. హి ప్రొసీడెడ్ రిగార్డ్‌లెస్."

అధికారులిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని రాసుకున్నారు. మొగులయ్య సంతకం పెట్టాడు. పెన్ను తిరిగి ఇస్తూ, "మంచిగ జెప్పినవా అన్నా?" అని అడిగాడు.

"మంచిగనే జెప్పిన."

తెలిసీ మాట వినని పనివాడికి పరిహారం రాదు. దయతలచి ఒక జత చంకకర్రలు ఇచ్చారు. మాట పొందికగా చెప్పగలిగినందుకు శంకర్రావును ఇకమీద కొత్తవాళ్లకు శిక్షకుడిగా ఉండమన్నారు.

ఆ మర్నాటి సాయంత్రం ముఠా ఎప్పటిలాగే వరండాలో కూర్చుంది. కవిత వచ్చింది. కూర్చోలేదు. జేబులోంచి ఫోను తీసి నేల మీద, అందరి మధ్యా పెట్టింది.

"మేస్త్రీ" అంది. ఆ పిల్ల నోట కాకా అన్న పిలుపు పోయిందని శంకర్రావు గమనించాడు. "నిన్న నువ్వు సాబుకు ఏం జెప్పినవో నాకు సమజ్ గాలే. గని నువ్వు నేర్పినట్టె కణుపుకొక ముక్క పెట్టుకున్న."

బొటనవేలు చూపుడువేలి మొదటి కణుపు మీద పెట్టింది. ఫోను మీదికి వంగి, ఒక్కొక్క కణుపూ దాటుతూ ఆ రెండు వాక్యాలనూ చెప్పింది. శంకర్రావు గొంతులోని విరుపుతో సహా చెప్పింది. అంత బాగా నేర్పింది తనే కదా అనుకున్నాడు అతను.

ఫోను ఒక క్షణం ఆగి, వార్తలు చదివే ఆడమనిషి గొంతుతో తెలుగులో పలికింది. "అతనికి ఆదేశం అర్థమైంది, అర్థమైనట్టు అంగీకరించాడు. అయినప్పటికీ లెక్కచేయకుండా ముందుకు సాగాడు."

కింద గల్లీలో బండివాడు మరాఠీలో ఉల్లిపాయలు అమ్ముతున్నాడు.

"ఇదే ఫోన్‌ల ఏడో కణుపు జెప్పి చూడాలని పరీక్ష ముందట నాకు తోచలే" అంది కవిత. "తోచి ఉంటె మా నాయనకు కాలు ఉంటుండె. అంత వరకు నా తప్పు. మిగిలింది నీది. రేపు ఆఫీసుకు పోత."

శంకర్రావు ఆమెతో వాదించలేదు. కొనేవాడు ఎవరో చూసుకుని మాట్లాడాలి. ముఠా వైపు తిరిగాడు.

"పోనియ్యండి. నేనే ఎంబడి పోత. సాబు ఏమడుగుతడో చెప్పనా? మొగులయ్యకు అర్థం రాకపోతె మిగిలినోళ్లకు వచ్చునా అని అడుగుతడు. ఒక్కొక్కన్ని నిలబెడతడు. పోచయ్యా, పదకొండో కణుపుకు అర్థమేంది?"

పోచయ్య తన చేతి వేళ్లకేసి చూసుకున్నాడు.

"నర్సమ్మా, నీ నాలుగు?"

"నాకేం ఎరుక."

"ఇరవై రెండు కార్డులు ఒక్క దినంల కత్తిరిస్తరు. నా దుకానం ఎట్లనో నడుస్తది, నాకు తెలుగున్నది, మరాఠీ ఉన్నది, హిందీ ఉన్నది, ఇంగ్లీషు ఉన్నది. మీకేమున్నది?"

ఆ మాట అయ్యాక అతను నోరు విప్పాల్సిన అవసరం రాలేదు. మిగతా బేరం ముఠాయే చేసింది.

"బిడ్డా" అంది నర్సమ్మ, "పోయిన కాలు మల్ల మొలుస్తదా?"

"నీ కాలైతే ఇట్లనే అందువా అత్తా?"

"నాది గాదు. అందుకే అంటున్న. నాదైతే నువ్వు అంటుంటివి, మీ నాయన అంటుండె."

పోచయ్య గొంతు సవరించుకున్నాడు. "పిల్ల పెండ్లి పెట్టుకున్న కవితా. కార్డు పోతె వాపస్ ఊరికే. నీ కాళ్లు మొక్కుత." నిజంగానే వంగబోయాడు. పక్కవాళ్లు లేపి కూర్చోబెట్టారు. ఒక్కొక్కరూ మాట కలిపారు. ఎవరూ కోప్పడలేదు. బతిమాలారు. కోప్పడి ఉంటే ఆ పిల్లకు తట్టుకోవడం తేలికయ్యేది.

కవిత వాళ్లందరినీ ఒక చుట్టు చూసింది. ఫోను తీసుకుని జేబులో పెట్టుకుంది. మర్నాడు ఆఫీసుకు వెళ్లిన మాట నిజమే. వెళ్లి తన కార్డు బల్ల మీద పెట్టి, ఒక్క మాటా అనకుండా తిరిగొచ్చింది. ఇప్పుడు నాగ్‌పాడాలో సంచులు కుట్టే కార్ఖానాలో కూర్చుంటుంది.

శంకర్రావు మెడలో కొత్త రంగు కార్డు పడింది. పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని మెట్లు దిగుతాడు. మెట్ల కింద, అడ్డంగా, మొగులయ్య కూర్చుని ఉంటాడు. ఇంట్లో ఉక్కపోతకు ఉండలేక పొద్దంతా అక్కడే ఉంటాడు. కవిత తండ్రికి అంతా చెప్పింది. ఏడో కణుపులోని మూడు మాటల అర్థం కూడా చెప్పింది.

శంకర్రావు బూటు చప్పుడు వినగానే మొగులయ్య చంకకర్రను పక్కకు లాగుతాడు. మిగిలిన కాలిని ముడుచుకుంటాడు. గోడకు ఆనుకుని, దారంతా వదిలి, తలెత్తి చూస్తాడు.

"స్టాండింగ్ క్లియర్ సార్."

అందులో కోపం ఉండదు, ఎగతాళి ఉండదు. పరీక్షలో చెప్పినట్టే, ఒక్క అక్షరం తడబడకుండా చెబుతాడు. మొదటి రెండు రోజులు శంకర్రావు పాయఖానాల వైపు ఉన్న వెనక మెట్ల మీదుగా వెళ్లాడు. బూట్లు పాడయ్యాయి. మూడో రోజు నుంచి మళ్లీ ముందు మెట్లే. "ఓకే" అని ఆ ఖాళీ చేసిన జాగాలోంచి నడిచి, గ్రాంట్ రోడ్ స్టేషన్ వైపు పోతాడు.

లెక్క చూసుకుంటే ఇంతే. ఇరవై ముగ్గురి ముఠా నలభై మందైంది. అందరి వేళ్లకూ ఇరవై నాలుగేసి కణుపులున్నాయి, ముఠాకు నోరు ఇంకా ఒకటే. అతని నూట ఎనభై మాటల్లోంచి ముఠాకు నేర్పినవాటిలో, అర్థంతో సహా బయటికి పోయినవి మూడు. ఆ మూడింటికీ మొగులయ్య పూర్తి వెల చెల్లించాడు. బాకీ ఏమీ లేదు.