పిల్లల మీదున్న మట్ట

తొర్రూరులో మోటార్లకు వైండింగ్ చేసే దుకాణం నాది. ఆరు రోజులు రాగి తీగ చుట్టి చుట్టి, ఆదివారం వచ్చిందంటే గాలం కర్ర పట్టుకుని బండెక్కేవాణ్ణి. చోటు ఇంటికి దగ్గరలో ఉండాలి, కొర్రమట్ట చేప పడాలి, మధ్యాహ్నం భోజనానికి ఇల్లు చేరాలి. ఈ మూడూ ఒకేసారి కుదిరే పని కాదని మా ఆవిడ పద్మలత ఎప్పుడో తేల్చి చెప్పింది. నేను వింటే కదా. ఫోన్‌లో పటం తెరిచి, పైనుంచి నీలంగా కనబడ్డ ప్రతి చుక్కనూ గుర్తుపెట్టుకునేవాణ్ణి. తీరా వెళ్తే ఒకటి ఎండిన కుంట, ఇంకోటి కోళ్లఫారం వెనక మురుగు గుంట, మూడోది ఏకంగా రేకుల షెడ్డు. నీలం రేకులు. ఆ రోజు కోపం పట్టలేక ఫోన్‌ను పక్క పొలంలోకి విసిరేశాను. మళ్లీ నేనే మోకాలి లోతు బురదలో దిగి వెతుక్కున్నాను. ముక్కు మీద కోపం మా నాయిన ఇచ్చిన ఆస్తి, అది మాత్రం పైసా తరగలేదు.

పెద్ద చెరువుల దగ్గరికి వెళ్తే అవి మత్స్య సంఘాలవి. చేప పిల్లలు పోసి పెంచుకునేది వాళ్లు, కాబట్టి గట్టు మీద నిలబడితేనే కావలి మనిషి కేక వేస్తాడు. ఇలా ఏడాదిపాటు పెట్రోలు తగలేశాక, మోటారు బాగు చేయించుకోవడానికి రాజలింగం మా దుకాణానికి వచ్చాడు. కొడకండ్ల దగ్గరి మనిషి, కరెంటు లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. మూలన నా గాలం కర్రనూ, దాని చివర వేలాడుతున్న రబ్బరు కప్పనూ చూసి నవ్వాడు.

"గీ కప్పకు మట్ట పడ్తదా తమ్మి?"

"చోటు దొరికితె పడ్తదన్నా. చోటే దొరుకుతలేదు."

"యాడ ఎతికినవ్?"

ఫోన్ చూపించాను. ఆయన కళ్లజోడు సర్దుకుని కాసేపు చూసి, తిరిగి నా చేతిలో పెట్టాడు. "గిండ్ల నీళ్లు కనబడ్తయ్. నీడ కనబడ్తదా? మట్ట నీడల ఉంటది. తామరాకు కింద, తుంగ పక్కపొంటి. ఆదివారం రా, సూపిస్త."

చూపించాడు. మా ఇంటి నుంచి బండి మీద ఇరవై నిమిషాలు. వాగు ఒడ్డు తెగి పక్కకు నిలిచిపోయిన మడుగు, సగం తామరాకు, చుట్టూ తుంగ. ఏ సంఘానిదీ కాదు. ఒడ్డున అమర్‌సింగ్ అనే ఆయన బర్రెలు కాస్తున్నాడు. పక్క తండా మనిషి. ముప్పై ఏళ్లుగా రాజలింగమూ ఆయనా ఆ మడుగు పక్కన కూర్చుని ఒకే చుట్ట పంచుకున్నవాళ్లు. అమర్‌సింగ్ గాలం ముట్టడు, చేప తినడు. కానీ మట్ట గాలి పీల్చుకోవడానికి పైకి వచ్చి బుడుంగుమన్న చప్పుడు వింటే చాలు, ఎంత బరువుంటుందో చెప్పేవాడు. దాన్ని పట్టి నేను తూచి చూస్తే అటూ ఇటూగా అంతే ఉండేది. నాకైతే కుళ్లుగా ఉండేది.

రాజలింగం పెట్టిన కట్టుబాటు ఒక్కటే. వానలు పడ్డాక మట్ట పిల్లలు పెడుతుంది. ఎర్రటి పిల్లలు గుప్పెడు కుంకుమ చల్లినట్టు నీటి మీద గుంపుగా తిరుగుతాయి. కింద తల్లీ తండ్రీ కాపలా ఉంటాయి. "గా ఎర్ర గుంపు కనబడ్డదంటె గాలం సుట్టి ఇంటికి పోవాలె. పిల్లలు నల్లబడి ఎవని దారి వాడు పట్టేదాక ముట్టద్దు. పెద్దది లేకుంటె జెల్ల చేపలు ఒక్కపూటల అన్నిటిని మింగుతయ్." మా నాయిన మీద ఒట్టు అన్నాను. ఆయన ఒట్టేం అడగలేదు, నేనే వేశాను.

పోయినేడు ఆషాఢంలో వరుసగా నాలుగు ఆదివారాలు నా గాలానికి నాచు తప్ప ఏమీ పడలేదు. ఐదో ఆదివారం మహబూబాబాద్ నుంచి నా బావమరిది శ్యాం భోజనానికి వస్తున్నాడు. నేను చేసిన తెలివితక్కువ పని ఏమిటంటే, కొర్రమట్ట పులుసు తినిపిస్తానని వారం ముందే నోరు జారడం.

పొద్దున మడుగు దగ్గరికి వెళ్లేసరికి తామరాకు పక్కన ఎర్ర గుంపు తిరుగుతోంది. చుట్టేశాను. అబద్ధం చెప్పను, నిజంగానే చుట్టేసి బండి దాకా నడిచాను. అప్పుడే మా ఇంటికి చేరిన శ్యాం ఫోన్ చేశాడు.

"ఏం బావా, మసాల నూరమంటవా, నన్నే కోడి తెమ్మంటవా? గాలం దేవునికాడ పెట్టి పూజ చేస్తున్నవటగద, అక్క చెప్పింది."

పక్కనే పద్మలత నవ్వు వినబడింది. ఒళ్లు మండింది. వెనక్కి నడిచాను. ఒక్కసారి విసురుదాం, పడకపోతే పోదాం అనుకున్నాను. పడకుండా ఎందుకుంటుంది? పిల్లల మీదున్న మట్ట ఆకలితో నోరు తెరవదు, కోపంతో కొడుతుంది. రబ్బరు కప్ప గుంపు దగ్గర వాలిందో లేదో నీళ్లు పగిలాయి. కర్ర వంగిపోయింది. చేపను ఒడ్డుకు లాక్కుని, తుంగకు చిక్కుకున్న దారాన్ని తెంపి అక్కడే వదిలేశాను. కిలోన్నర పైనే ఉంది. వెనక్కి తిరిగి చూస్తే ఎర్ర గుంపు అదే చోట గుండ్రంగా తిరుగుతోంది. ఎక్కువసేపు చూడబుద్ధి కాలేదు.

ముద్ద గొంతు దిగలేదని చెప్పుకుంటే బాగుంటుంది. కానీ దిగింది. రెండోసారి కూడా వడ్డించుకున్నాను. శ్యాం వేళ్లు నాక్కుని, "ఒప్పుకున్న బావా" అన్నాడు.

సాయంత్రం రాజలింగం ఫోన్ చేశాడు. "జర మడుగుకాడికి రా తమ్మి" అని పెట్టేశాడు. నేను వెళ్లేసరికి ఆయన ఒడ్డున నిలబడి ఉన్నాడు. నలుగురైదుగురు రైతులు కూడా ఉన్నారు. గుంపు లేదు. పదో పదిహేనో ఎర్ర పిల్లలు తలోదిక్కు కొట్టుకుపోతున్నాయి. జెల్లలు కింద నుంచి వచ్చి ఒక్కొక్కదాన్నీ లాగుతున్నాయి.

"పెద్దదాన్ని ఎవడో పట్టిండు" అన్నాడు రాజలింగం. అమర్‌సింగ్ అప్పుడే బర్రెలను తోలుకుంటూ వచ్చాడు. భుజానికి గుడ్డ సంచి. రాజలింగం అతని దగ్గరికి నేరుగా వెళ్లాడు.

"సంచి ఇటు తే."

అమర్‌సింగ్‌కు అర్థం కాలేదు. ఇచ్చాడు. రాజలింగం అందరి ముందూ దాన్ని తలకిందులుగా గుమ్మరించాడు. జొన్న రొట్టె మట్టిలో పడింది. ఉల్లిగడ్డ, తువ్వాల, వాటి వెనక చిక్కు పడ్డ దారం ఉండ.

"బర్రె కాళ్లకు సుట్టుకుంటదని ఏరిన లింగన్నా" అన్నాడు అమర్‌సింగ్.

ఆ దారం నాది. పచ్చటి అల్లిక దారం, ఆ చుట్టుపక్కల నేను తప్ప ఇంకెవరూ వాడరు. రాజలింగం చూపుకు అది ఉత్త దారమే. "యుగేందర్ నన్ను అడగంది గాలం ఎయ్యడు" అన్నాడు ఆయన, నా వైపు చెయ్యి చూపించి. "ఇగ గీడికి వచ్చేది నువ్వొక్కనివే."

నోరు తెరిస్తే చాలు, ఒక్క ముక్క. నేను పట్టిన అన్నా, తప్పైంది. తిట్లు తినేవాణ్ణి, మహా అయితే రెండు దెబ్బలు. నా మీద ఈగ వాలినా గొంతు చించుకునేవాణ్ణి, ఆ రోజు మూగవాణ్ణయ్యాను. అమర్‌సింగ్ వంగి రొట్టె తీసి, మట్టి దులిపి, సంచిలో పెట్టుకున్నాడు. నా వైపు ఒక్కసారి చూసి బర్రెలను తోలుకుని వెళ్లిపోయాడు.

తర్వాతి ఆదివారం చెబుదామనుకున్నాను. ఆ పైది అనుకున్నాను. ఒక రోజు మోటార్లు ఎక్కువున్నాయి, ఒక రోజు రాజలింగం భార్య లచ్చమ్మ పక్కనే ఉంది, ఒక రోజు ఆయన మనసు బాగాలేదు. సాకులకేం కొదవ? దసరా దాటేసరికి అమర్‌సింగ్ బర్రెలు అమ్మేసి భూపాలపల్లిలో ఉన్న బిడ్డ దగ్గరికి వెళ్లిపోయాడని తెలిసింది. తండాలో తనను దొంగలా చూస్తున్నారని బాధపడ్డాడట.

సంక్రాంతి వెళ్లాక ఒక ఉదయం రాజలింగం ఊరికే దుకాణానికి వచ్చి కూర్చున్నాడు. చాయ్ తాగి, "మడుగుకు పోవబుద్ధి అయితలేదు" అన్నాడు. "ముప్పై ఏండ్లు నమ్మినోడు గట్ల చేసె. నీయసొంటోడు ఒక్కడన్న దొరికిండు నాకు."

అది మోయలేకపోయాను. చేతిలోని తీగ కింద పెట్టి మొత్తం చెప్పాను. శ్యాం ఫోన్, పులుసు, పచ్చ దారం, అన్నీ. ఆయన చివరిదాకా విన్నాడు. తిట్టలేదు. గ్లాసు పక్కన పెట్టి, "బండి తియ్యి" అన్నాడు.

భూపాలపల్లి చేరేసరికి మధ్యాహ్నమైంది. గని కార్మికుల ఇళ్ల వరుసలో చివరి ఇల్లు. అమర్‌సింగ్ అరుగు మీద మంచంలో కూర్చుని ఉన్నాడు, చేతిలో కర్ర లేదు, కాయడానికి ఏమీ లేదు. మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. బిడ్డను పిలిచి చాయ్ పెట్టమన్నాడు. నేను ఆయన కాళ్ల మీద పడబోతే చెయ్యి పట్టి ఆపాడు.

"గా దినం పొద్దుగాల నీ బండి జూసిన యుగేందరూ. మట్టను సంచిల ఏసుకునుడు గూడ జూసిన."

రాజలింగం ఒక అడుగు ముందుకు వేశాడు. "మరి గా దినం ఎందుకు చెప్పకపోతివి అమర్?"

"నన్ను అడిగితె చెప్తుంటి లింగన్నా. నువ్వు నన్ను అడగలే. సంచి అడిగినవ్, ఇచ్చిన."

ఆ మాటలో కోపం లేదు. చాయ్ చల్లారుతోంది తాగమన్నాడు. వాపసు రమ్మని రాజలింగం రెండు చేతులూ పట్టుకుని అడిగాడు, నలుగురిలో తప్పు ఒప్పుకుంటానన్నాడు. "గీడ మంచిగనే ఉన్న. మీరు పైలంగ పోండ్రి" అని మాత్రమే అన్నాడు అమర్‌సింగ్. రోడ్డు దాకా వచ్చి సాగనంపాడు.

తిరుగుదారిలో హన్మకొండ బస్టాండు దగ్గర రాజలింగం నా భుజం తట్టి ఆపమన్నాడు. తొర్రూరు బస్సులో వెళ్తానన్నాడు. నన్ను తిట్టమని, కొట్టమని బతిమాలాను. ఆయన చెప్పుల్లో కాళ్లు సర్దుకుని నా మొహం చూశాడు.

"నువ్వు చెప్పుకున్నవ్ తమ్మి, నీ బరువు దిగింది. నా బరువు నేను యాడ దించాలె?"

వెనక్కి తిరిగి బస్సెక్కాడు.