మిషన్ చప్పుడు వెళ్లని ఫోన్

మంగళవారం మధ్యాహ్నం ఒంటిగంట కాల్‌లో కుట్టుమిషన్ చప్పుడు వినపడలేదు. మిషన్ ఆగలేదు.

"ఏం, లేచావా?" అన్నాడు భర్త అవతలి నుంచి.

"కూచునే ఉన్నానండీ. కాలరు కుడుతున్నాను."

"నీ మాట వినపడుతోంది. మిషన్ వినపడటం లేదు."

ఆమె పాదం ఆపకుండా తొక్కింది. ఫోన్ మిషన్‌కి జానెడు దూరంలో, కత్తెర పక్కన ఉంది. ఇంకాస్త దగ్గరికి జరిపింది. సూది కిందికి తోసినంత పని చేసింది.

"ఇప్పుడు?"

"ఊహూఁ."

అతనిది రాత్రి డ్యూటీ. రెండు రైళ్లు మారి వెళ్లాల్సిన ఊళ్లో, ఒక కోల్డ్ స్టోరేజీలో కంప్రెసర్లు చూసుకుంటాడు. అంతకుముందు పదకొండేళ్లు ఇక్కడే, ఇంటికి పావుగంట దూరంలో అదే పని చేశాడు. పొద్దున వచ్చి, తిని, మిషన్ వెనకాల మంచం మీద పడుకునేవాడు. ఆమె కుడుతున్నంతసేపూ నిద్రపోయేవాడు. దారం తెగి ఆమె ఆగితే అతను లేచేవాడు. ఎనిమిది నెలల కిందట ఇక్కడి స్టోరేజీ మూతపడింది.

అక్కడ నలుగురు పడుకునే గదిలో మొదటి వారం అతనికి కునుకు లేదు. ఒక మధ్యాహ్నం ఫోన్ చేసి, "మాట్లాడకు. నీ పని నువ్వు చేసుకో" అన్నాడు. అప్పటినుంచి రోజూ ఒంటిగంటకి కాల్ వస్తుంది. ఆమె కుడుతుంది. ఇరవై నిమిషాలకి అటువైపు గురక మొదలవుతుంది. ఆ గురక వినపడితేగాని ఆమెకి పని ముందుకు సాగదు. ఈ సంగతి అతనికి చెప్పలేదు.

సాయంత్రం మరిది వచ్చాడు. ఆ ఇంట్లో ఫోన్ల గురించి అతను చెప్పిందే వేదం.

"ఇవాళ ఏమన్నా నొక్కావా వదినా?"

"పొద్దున అప్‌డేట్ చెయ్యమంటావా అని అడిగింది. సరే అన్నాను."

"కొంప ముంచావు. అది మందనుకున్నావా? విషం. మనం కొత్తది కొనాలని పాతదాన్ని వాళ్లే చంపుతారు."

"కొని ఏడాది కాలేదయ్యా."

"ఫోన్లకి ఏడాదంటే షష్టిపూర్తే."

"మరి మీ అన్నయ్యది ఏడేళ్ల నాటిది. అద్దం కూడా పగిలింది. గురక పక్కనే పడుకున్నట్టు వినపడుతోంది."

"అందుకే! దానికి అప్‌డేట్లు రావు. పెట్టి పుట్టింది."

ఫోన్‌లో మెమరీ నిండితే మైకు మందగిస్తుందని చెప్పి, మరిది తొమ్మిది వందల ఫొటోలు తన కంప్యూటర్‌లోకి ఎక్కించుకుని ఫోన్‌లోంచి తుడిచేశాడు. ర్యామ్ రెట్టింపున్న ఫోన్ కొంటే చీమ తుమ్మినా అన్నయ్యకి వినపడుతుందన్నాడు. బుధవారం కాల్‌లో మిషన్ వినపడలేదు.

ప్యాంటు పొడవు తగ్గించుకోవడానికి వచ్చిన పక్కింటావిడ, మైకు కన్నంలో దుమ్ము చేరి ఉంటుందంది. ఆవిడ వెళ్లాక ఆమె పదకొండో నంబరు సూది తీసి కన్నంలో మూడుసార్లు తిప్పింది. దుమ్ము రాలేదు.

గురువారం పొద్దున మిషన్ చప్పుడు గంటసేపు రికార్డు చేసి పంపింది. అందులో ప్రతి కుట్టూ వినపడింది. మధ్యాహ్నం అతను ఫోన్ చేశాడు.

"విన్నారా?"

"విన్నాను."

"నిద్ర పట్టిందా?"

"అది పొద్దుటి మిషన్ కదే. ఇప్పుడు నువ్వు కూచున్నావో లేచి వెళ్లావో దానికేం తెలుస్తుంది?"

శుక్రవారం అతని గొంతు బొంగురుపోయింది. కంప్రెసర్ గదిలో కుర్చీలోనే కళ్లు మూతలు పడ్డాయట. సూపర్‌వైజర్ భుజం పట్టి లేపాడట.

"ఇంకోసారి పడుకుంటే ఇంటికి పంపించేస్తానన్నాడు."

పంపించనీ, అనే మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. ఈ వయసులో ఇంకెక్కడా చేర్చుకోలేదని, తొమ్మిది చోట్ల తిరిగాక దొరికిన పని అని ఆమెకి తెలుసు.

"రేపు ఫోన్ బాగుచేయిస్తాను," అంది.

శనివారం పదిన్నరకి రిపేరు షాపు తెరిచారు. షాపావిడ కళ్లకి భూతద్దం తగిలించుకుని కూర్చుంది. ఆమె జరిగిందంతా చెప్పింది, సూదితో సహా.

"ఏ కన్నంలో పొడిచావక్కా?"

ఆమె చూపించింది.

"అది సిమ్ తీసే కన్నం. బతికిపోయావు. మైకులో పొడిచి ఉంటే నిజంగానే చెవుడొచ్చేది."

"మరి మైకు మార్చాలా?"

"మార్చడానికి దానికేమైంది? రికార్డింగ్‌లో చప్పుడు బాగా వచ్చిందన్నావుగా."

"వచ్చింది."

"రికార్డు చేసిందీ ఆ మైకే కదా."

దీన్ని ఆమె ఆలోచించలేదు. మరిదీ ఆలోచించలేదు.

షాపావిడ తన ఫోన్ నుంచి ఆ ఫోన్‌కి కాల్ చేసి, తనదాన్ని ఆమె చేతికిచ్చి తలుపు బయట నిలబడమంది. లోపల టేబుల్ మీద ఫోన్ పక్కనే టంకం కరిగించే వేడిగాలి గన్ను ఆన్ చేసింది. గాజు తలుపులోంచి ఆమెకి గన్ను గాలికి కాగితాలు ఎగురుతూ కనిపిస్తున్నాయి. చెవి దగ్గర ఏమీ లేదు.

"వినపడుతోందా అక్కా?" మాట మాత్రం స్పష్టంగా వచ్చింది.

"నువ్వు వినపడుతున్నావు. అది వినపడటం లేదు."

షాపావిడ తెర మీద ఎక్కడో నొక్కింది. గన్ను రొద ఒక్కసారిగా చెవిలో పడింది. ఆమె ఫోన్ దూరంగా జరిపింది.

"కొత్త అప్‌డేట్‌లో ఇది పెట్టారు," అంది షాపావిడ, ఆమె లోపలికొచ్చాక. "కాల్‌లో మనిషి గొంతు ఒక్కటే పంపుతుంది. మిగతాది చెత్త కింద లెక్కేసి ఆపేస్తుంది. చాలామంది ఇది కావాలనే అడుగుతారు. ఫోన్ పాడవలేదు, నీకు అక్కర్లేనంత మంచి పని చేస్తోంది."

"తీసేసినా అది మళ్లీ వస్తుందా?"

"రాకుండా చేశాను. వస్తే కాల్ నడుస్తున్నప్పుడే ఇదిగో, ఇక్కడ నొక్కు." వేలు పట్టుకుని రెండుసార్లు నొక్కించింది. "ఇంతకీ అక్కా, మిషన్ చప్పుడు ఎవరికి కావాలి?"

"మా ఆయనకి."

"మా ఆయనైతే నా నోరు కూడా మూయించే అప్‌డేట్ అడుగుతాడు."

ఆ రోజు ఒంటిగంటకి కాల్ వచ్చింది. ఆమె ఏమీ చెప్పకుండా తొక్కడం మొదలుపెట్టింది. కొంతసేపటికి, "ప్యాంటా?" అన్నాడు.

"ఎలా తెలిసింది?"

"మందం గుడ్డ. మిషన్ మూలుగుతోంది."

"పడుకోండి."

"ఆపకు."

"ఆపను."

అతను 1.26కి నిద్రపోయాడు. ఆ రోజు కుట్టాల్సినవి 3.20కి అయిపోయాయి. ఆమె బుట్టలోంచి ఒక గుడ్డముక్క తీసి సూది కింద పెట్టింది. 5.05కి అతను లేచాక కాల్ ఆగింది.