కడిగిన ఎర

పిడుగు వాళ్ళమ్మ ఇంట్లో కడగనిదేదీ గడప దాటి లోపలికి రాదు. యాపిల్ పండ్లు, తాళంచెవులు, చిల్లర నాణేలు, ఆఖరికి ఉల్లిపాయలు తెచ్చిన సంచీ కూడా సబ్బునీళ్ళలో మునిగి తేలాల్సిందే. కడగకపోతే ఏమవుతుందని ఎవరైనా అడిగారా, దగ్గుతో మొదలుపెట్టి ఆస్పత్రి మంచం దాకా వర్ణించి మరీ వదిలేది. కూతుర్ని అందరూ పిడుగంటారు. మొగుడు లిఫ్టు మెకానిక్కు. పదహారంతస్తుల ఎత్తున తాళ్ళ మధ్య వేలాడుతూ పనిచేస్తాడు గానీ, చేతులు కడుక్కోకుండా వంటింట్లో అడుగుపెట్టే ధైర్యం మాత్రం అతనికి లేదు.

అలాంటి ఇంటికి బావగారు ఒక సీసా పట్టుకొచ్చాడు.

బావగారంటే మెకానిక్కు అక్కమొగుడు. మొదట నీళ్ళ ఫిల్టర్లు అమ్మాడు, తర్వాత నడుంనొప్పి పట్టీలు అమ్మాడు, ఇప్పుడు చేపల ఎర అమ్ముతున్నాడు. సీసా నిండా జిగట నూనె, అందులో వేలెడేసి గులాబీరంగు రబ్బరు పురుగులు. మూత తీసేసరికి కుళ్ళిన రొయ్యకు సోంపు పూసినట్టు ఇల్లంతా గుప్పుమంది.

"వానపాముల కాలం పోయింది బావమరిదీ! నువ్వు ఉద్యోగం వదిలెయ్. ఈ ఊరి మొత్తానికి ఏజెన్సీ నీ పేరున రాయిస్తా. ఏడాది తిరిగేసరికి నువ్వు లిఫ్టులు బాగుచెయ్యవు, లిఫ్టున్న ఇంట్లో ఉంటావు."

"ఏమండీ అల్లుడుగారూ, పోయినసారి పట్టీలప్పుడూ ఇదే అన్నారు" అంది మూలన కూర్చున్న అత్తగారు. మెకానిక్కు తల్లి ఆవిడ. బాల్కనీలో పగిలిన పూలకుండీలో తడికాగితాల కింద వానపాముల్ని పెంచుతుంది. ఆదివారమొస్తే గాలం భుజాన వేసుకుని చెరువుకు పోతుంది.

"అందుకే పందెం పెడదాం అత్తయ్యగారూ. ఆదివారం మీరు వానపాములతో కూర్చోండి, బావమరిది మన సీసాతో కూర్చుంటాడు. పెనంలో పట్టే బుల్లి చేపలే చాలు. గంటలో ఎవరికెన్ని పడతాయో చూద్దాం."

మెకానిక్కు అప్పుడే మురిసిపోయాడు. శనివారం పొద్దున్నే రాజీనామా ఉత్తరం రాసి, నాలుగు మడతలు పెట్టి చొక్కాజేబులో దాచుకున్నాడు. సీసా గెలిస్తే సోమవారం ఇచ్చేయడమే. అది చూసినప్పటినుంచీ పిడుగు వాళ్ళమ్మకు ముద్ద దిగలేదు. కళ్ళు మూస్తే చాలు, సామాన్లన్నీ వీధిలో, పిల్ల బడి మానేసి బస్టాండులో, చుట్టూ అమ్ముడుపోని సీసాలు. వాటిలోంచి నూనె కారి తన చీరకంటుకోవడం కూడా కనిపించింది.

ఆ మధ్యాహ్నం వంటింట్లోకి వచ్చి చూస్తే ఆరేళ్ళ పిడుగు చేతిలో గులాబీరంగు పురుగొకటి వేలాడుతోంది.

"మిఠాయేనా అమ్మా?"

ఆమె ఒక్క ఉదుటున దాన్ని లాక్కుంది. పిల్ల నోరు మూడుసార్లు పుక్కిలింపించి, సీసాలో నూనెంతా సింకులో ఒంపేసి, పురుగుల్ని గిన్నెలు తోమే నిమ్మసబ్బుతో వేడినీళ్ళలో నాలుగు వాయిలు ఉతికింది. తుండుగుడ్డ మీద ఆరబెట్టి, వంటనూనె పోసి మళ్ళీ సీసాలో పెట్టింది. ఇప్పుడు పిల్ల పొరపాటున మింగినా కనీసం శుభ్రమైనదే మింగుతుంది.

ఆదివారం చెరువుగట్టున బావగారు ఉపన్యాసం ఎత్తుకున్నాక గానీ తనేం చేసిందో ఆమెకు తెలిసిరాలేదు.

"రబ్బరుదేముంది, ఎవడైనా అచ్చు పోస్తాడు. రహస్యమంతా ఆ వాసనలో ఉంది! మూడు మైళ్ళ అవతల ఉన్న చేపకి కూడా నోరూరాలి."

ఆ చెరువు ఈ గట్టునుంచి ఆ గట్టుకు మూడొందల అడుగులుండదు. అయినా మెకానిక్కు తలాడించాడు. చెరువు నీచు కంపులో సీసాకు వాసన లేదన్న సంగతి ఎవరికీ తట్టలేదు. పిడుగు వాళ్ళమ్మకు మొదట సంగతి చెప్పేద్దామనిపించింది, ఆ వెంటనే మనసు చల్లబడింది. వాసన లేదు కాబట్టి చేపలు పడవు. చేపలు పడకపోతే ఉద్యోగం ఉంటుంది. నోరు మూసుకుని కూర్చుంటే చాలు.

నోరు మూసుకునే కూర్చుంది. చేపలు మాత్రం పడ్డాయి.

గాలం తాడుకు కట్టిన బెండు అలా మునగడం, అరచేతంత చేప ఇలా ఎగిరి గట్టున పడడం. గంట తిరిగేసరికి కొడుక్కి పద్నాలుగు, తల్లికి తొమ్మిది.

"నా వానపాముల్ని సగం సగం కొరుక్కుపోతున్నాయర్రా. గాలానికి మళ్ళీ గుచ్చుకునేసరికే పొద్దుపోతోంది. వాడి రబ్బరు చూడబోతే ఊడి చావదు" అని గొణిగింది అత్తగారు. ఆ ముక్క ఎవరూ పట్టించుకోలేదు.

"చూశావా బావా, వాసనంటే అది!" మెకానిక్కు చొక్కాజేబు తడుముకున్నాడు. "రేపు తొమ్మిదింటికల్లా మేనేజరు బల్లమీద పెట్టేస్తా."

ఇక ఆమె ఆగలేకపోయింది. "ఏమండీ, అందులో వాసన లేదు. నేను సబ్బెట్టి కడిగేశాను. నాలుగుసార్లు."

బావగారి మొహం వాడింది, కానీ అర నిమిషమే.

"అదీ సంగతి! సబ్బుతో కడిగినా పోని వాసన! చెల్లెమ్మా, కంపెనీవాళ్ళకు కూడా తట్టని పరీక్ష చేశావు. రేపే ఈ మాట సీసాల మీద వేయిస్తా."

అత్తగారు ఒక పురుగు తీసి అల్లుడి ముక్కు కింద పెట్టింది. "ఏదీ, పీల్చండి."

"నిమ్మకాయ వాసనొస్తోంది" అని ఒప్పుకున్నాడు. "కానీ మన ముక్కు వేరు, చేప ముక్కు వేరు అత్తయ్యగారూ."

మెకానిక్కు దానికీ తలాడించాడు. అది చూసి పిడుగు వాళ్ళమ్మకు ఒళ్ళు మండింది. పిల్లను దగ్గరికి లాక్కుని, జడకున్న ఎర్ర రబ్బరుబ్యాండు ఊడదీసి పళ్ళతో తెంపింది. కడగనిదాన్ని ఆమె నోట పెట్టడం పెళ్ళయ్యాక అదే మొదలు. ఆ ముక్కను గాలానికి గుచ్చి నీళ్ళలో వేసింది. పది లెక్కపెట్టేలోగా బెండు మునిగింది.

"ఇది కూడా మీ కంపెనీదేనా అన్నయ్యగారూ?"

బావగారు వాచీ చూసుకున్నాడు. మెకానిక్కు మాత్రం మిగిలిన రబ్బరుబ్యాండు ముక్కను వాసన చూస్తున్నాడు. చూస్తూ చూస్తూ ఉండగా అతని మొహం వెలిగిపోయింది.

"తలనూనె!" అన్నాడు. "పిల్ల తలనూనె వాసన! బావా, నీ కంపెనీ మనకెందుకు? మనమే తయారుచేద్దాం. మొదట నిమ్మసబ్బు, ఇప్పుడు తలనూనె..."

"ఆ నూనేదో నీ బుర్రకే రాసుకోరా, తుప్పు వదులుతుంది" అంది తల్లి.

పిడుగు వాళ్ళమ్మకు మళ్ళీ బస్టాండు కనిపించింది. మొగుడితో వాదిస్తే లాభం లేదు, సాయంత్రానికల్లా ఇంకో ఉత్తరం రాస్తాడు. అందుకని గొంతు మెత్తగా చేసుకుంది.

"నిజమేనండోయ్. కానీ తలనూనో, సబ్బో తేలొద్దూ? ఒక్కో వాసనకూ ఒక్కో ఆదివారం పట్టదూ? అంతవరకూ ఉద్యోగం ఎక్కడికి పోతుంది? ముందు ఏమేం పరీక్ష చెయ్యాలో రాసుకోండి, మర్చిపోతారు."

అతనికి ఆ మాట నచ్చింది. కాగితం కోసం జేబులన్నీ వెతికాడు. ఉన్నది ఒకటే కాగితం. మడతలు విప్పి, తిరగేసి, మోకాలి మీద పరుచుకున్నాడు. పెన్ను ఆమే అందించింది.

"తలనూనె. నిమ్మసబ్బు. ఇంకా?"

"బూట్ల పాలిష్" అంది.

"అవునవును. ఇంకా?"

"పళ్ళపొడి. ఒంటిసబ్బు, తెల్లది, ఆకుపచ్చది. దగ్గుమందు. కిరసనాయిలు. వాడిన టీపొడి."

వెనకవైపంతా నిండిపోయింది. అతను కాగితం తిప్పి, 'గౌరవనీయులైన మేనేజరుగారికి' అన్న వరుస మీదే 'వాడిన టీపొడి' అని రాసి, పెన్ను అలాగే పట్టుకుని ఆమెవైపు చూశాడు.

"చెప్పు, చెప్పు. ఆగావేం?"

"వాడని టీపొడి" అంది పిడుగు వాళ్ళమ్మ.