నిచ్చెనలు దిగిన రోజు

ఓదెలును కరెంటు స్తంభానికి కట్టేసింది మా కంపెనీ వైరుతోనే. అతని భుజానున్న నల్ల వైరు చుట్టను లాక్కుని, చేతులు వెనక్కి విరిచి, దానితోనే బిగించారు. పంజాగుట్టలో, పొద్దున పదిన్నరకు, కిక్కిరిసిన రోడ్డు పక్కన. "వైరు దొంగ దొరికిండు" అన్నారెవరో. ఫోన్లు పైకి లేచాయి. ఓదెలు పెదవి చిట్లి గడ్డం మీదికి రక్తం కారుతోంది.

మా మేనేజర్ బుల్లబ్బాయి, నేను అక్కడికి చేరేసరికి పోలీసులు కూడా వచ్చారు. ఎస్సై మమ్మల్ని అడిగాడు. "ఇతను మీ కంపెనీ మనిషేనా?"

బుల్లబ్బాయి ఓదెలు ముఖం చూడకుండా జవాబిచ్చాడు. "మావాడు కాదండి. ఎవరో మాకు తెలీదు."

"గట్లంటరేంది సారూ!" ఓదెలు అరిచాడు. "పొద్దుగాల మీరే ఫోన్ చేయించిండ్రు గద! లక్ష్మక్కా, జర నువ్వన్న చెప్పు!"

ఎస్సై నా వైపు తిరిగాడు. నా నోరు పెగల్లేదు. ఓదెలును జీపెక్కించారు.

కోచింగులకొచ్చి హాస్టళ్లలో ఉంటున్న తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, స్తంభాలెక్కే అన్నలారా, నేనెందుకు నోరు విప్పలేదో మీకు ముందే చెప్పాలి.

నా పేరు ఉదయలక్ష్మి. మాది తణుకు. ఆరేళ్ల కిందట మీలాగే కోచింగు కోసం అమీర్‌పేట వచ్చాను. తూనీగ నెట్ అనే ఇంటర్నెట్ కంపెనీలో, కంట్రోల్ రూములో ఉద్యోగం దొరికింది. చేరిన రోజే ఓనరు హనుమత్ప్రసాద్ గారు టెన్త్ నుంచి బీటెక్ దాకా నా ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ తీసుకుని తన గదిలోని ఇనప బీరువాలో పెట్టారు. "నా దగ్గర భద్రంగా ఉంటాయమ్మా" అన్నారు. అప్పట్నుంచి అవీ అక్కడే ఉన్నాయి, నేనూ అక్కడే ఉన్నాను. లైన్‌మెన్‌వయితే డ్రైవింగ్ లైసెన్సులు. ఎవరి కాగితం వాళ్లను ఆ బీరువాకు కట్టేసి ఉంచింది.

మైత్రీవనం దగ్గర ఒక పాత కాంప్లెక్సులో నాలుగో అంతస్తు మాది. అదే అంతస్తులో, గోడకు అవతల, శరవేగ అనే ఇంకో ఇంటర్నెట్ కంపెనీ. దాని ఓనరు విజయేందర్. ఒక హాస్టల్లో ఈ గదికి మా కనెక్షనుంటే ఎదురు గదికి వాళ్లది. ఈ గదిలో పిల్ల పంపిన నోట్సు ఎదురు గదికి చేరాలంటే ముంబై దాకా పోయి తిరిగి రావాలి. మా రూటరుకీ వాళ్ల రూటరుకీ మధ్య ఒక్క తీగ వేస్తే గోడ దగ్గరే తేలిపోయే పని. ఓనర్లు వేయనివ్వలేదు. "వాడి కస్టమర్లకు నేనెందుకు దారివ్వాలి?" ఇద్దరిదీ అదే మాట. దారి ఇవ్వకపోగా ఒకరి వైర్లు ఒకరు కోయించేవారు. ఒకరి లైను చస్తే ఆ వీధి రెండోవాడిదవుతుంది కదా. కోసేది ఓనర్లు కాదు. ఏ స్తంభమో చెప్పాల్సింది నాలాంటివాళ్లు, ఎక్కాల్సింది ఓదెలు లాంటివాళ్లు.

ఆ పొద్దున స్తంభం నంబరు అతనికి ఫోన్లో చదివి చెప్పింది నేనే.

మర్నాడు ఓదెలు భార్య వజ్రమ్మ ఆఫీసుకొచ్చింది. వాచ్‌మన్ లోపలికి పోనివ్వకపోతే మెట్ల మీదే కూర్చుంది. రెండు ఆఫీసులూ ఊడ్చే చిలకమ్మ ఆమెను డాబా మీదికి తీసుకుపోయింది. భోజనాల వేళ ఒక్కొక్కరం పైకెక్కాం. నీళ్ల ట్యాంకుల సందులో ఇరవైమందిదాకా పోగయ్యాం.

"పని బందు పెడదం" అన్నాడొక లైన్‌మన్.

"పెట్టి? రేపు కొత్తోళ్లను తెస్తడు. లైసెన్సు లేకుంట నేను ఇంకోకాడ బండి ఎట్ల నడపాలె?" అన్నాడు ఇంకొకడు.

"పోలీసోళ్లు మనల్ని సుత గుంజుకపోతరు. సప్పుడు జేయకుండ్రి."

మాట ఎటు తిప్పినా బీరువా దగ్గరికే వచ్చి ఆగుతోంది. వజ్రమ్మ అందరి ముఖాలూ చూస్తోంది. అప్పుడు చిలకమ్మ ఇంకో మనిషిని వెంటబెట్టుకుని వచ్చింది.

"గీయన శరవేగ లైన్‌మన్. కేదార్. మాట్లాడుతడంట, ఇనుండ్రి."

మావాళ్లు ఇద్దరు ఒక్కసారిగా అతని కాలరు పట్టుకున్నారు. కేదార్ విడిపించుకోలేదు.

"ఓదెలన్నను పోలుకు కట్టింది నేనే" అన్నాడు.

వజ్రమ్మ లేచి అతని ఎదుటికి వచ్చింది. "నీకేం జేసిండని కట్టినవ్?"

"ఏం జెయ్యలేదక్కా. మా సారు ఫోన్ల ఉన్నడు. కట్టకుంటె నువ్వే వాళ్లతోని కలిసినవని కేసు పెడ్త అన్నడు. పోయిన నెల నేను సుత మీ వైర్లు కోసిన. దొరికితె నన్ను గిట్లనే కడుతుండ్రి." అతను మోచేత్తో కళ్లు తుడుచుకున్నాడు.

"నువ్వేడిస్తె నాకేమొస్తది?" అంది వజ్రమ్మ. "ఆయన చేతులు ఇంకా పైకి లేస్తలేవు. ఆయన్ను ఇడిపించే పని ఏందో చెప్పు."

ఇక దాచుకోలేకపోయాను. "నంబరు చెప్పింది నేనమ్మా. అక్కడ నోరు మూసుకున్నదీ నేనే."

వజ్రమ్మ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. "ఇప్పుడన్న చెప్తవా?" అని మాత్రం అడిగింది.

"చెప్తాను."

చిలకమ్మ చీపురు గోడకు ఆనించి మధ్యకొచ్చింది. "నేను రెండు రూములూ ఊడుస్త. మీరు ఒకల్నొకలు దుష్మన్లనుకుంటుండ్రు. ఆ సారు రూములో సుత గసొంటి బీరువనే ఉన్నది. అండ్ల సుత మీ అసొంటోళ్ల కాయితాలే. మీకింక తేడా ఏమున్నదో నాకు సమజైతలేదు."

ఆ మాటతో కాలర్లు వదిలారు. చాలాసేపు వాదించుకున్నాం. చివరకు ఒకటి ఖాయమైంది. ఇకమీదట ఎవరు చెప్పినా, ఎవరి వైరూ ఎవరూ కోయరు. ఓదెలు మా మనిషేనని కంపెనీ రాసివ్వాలి, అందరి కాగితాలూ తిరిగివ్వాలి. రెండు కంపెనీలవాళ్లం ముప్ఫై ఒక్క మందిమి ఒకే కాగితం మీద సంతకాలు పెట్టి ఇద్దరు ఓనర్లకూ ఇచ్చాం.

మరుసటి రోజు చిలకమ్మ వార్త తెచ్చింది. ఆరేళ్లలో మొదటిసారి విజయేందర్ మా ఆఫీసులోకి వచ్చి హనుమత్ప్రసాద్ గారితో కూర్చుని టీ తాగాడు. పంజాగుట్ట ఒకరికి, అమీర్‌పేట ఒకరికి పంచుకున్నారు. ఓదెలు మీద దొంగతనం కేసు అలాగే ఉంచాలని, కేదార్ మీద కూడా ఒకటి పెట్టాలని ఒప్పుకున్నారు. ఒక్క తీగ కలపనివ్వని ఇద్దరూ మమ్మల్ని ఇరికించడానికి ఒక్క పూటలో కలిశారు.

ఆ స్నేహం కూడా గురువారం దాకే నిలిచింది. పదకొండు గంటలకు డ్రైనేజీ పైపుల కోసం రోడ్డు తవ్వుతున్న మిషను మా మెయిన్ కేబుల్‌ను తెంపేసింది. అమీర్‌పేటలో తూనీగ కనెక్షనున్న హాస్టళ్లన్నీ ఆగిపోయాయి. ఆ మధ్యాహ్నం రెండింటికి ఒక పెద్ద కంపెనీ ఉద్యోగాలకు ఆన్‌లైన్ టెస్టుంది. ఏడాదిగా దానికోసమే చదివిన పిల్లలు వందల్లో కాంప్లెక్సు కిందికి వచ్చారు.

హనుమత్ప్రసాద్ గారు విజయేందర్‌కు ఫోన్ చేశారు. ఒక్కరోజుకు లైనివ్వమన్నారు. విజయేందర్ నవ్వాడట. మీ కస్టమర్లు సాయంత్రానికి నా దగ్గరికే వస్తారు కదా అని పెట్టేశాడట. వెంటనే మా ఓనరు నుంచి కంట్రోల్ రూముకు ఫోన్ వచ్చింది.

"లక్ష్మీ, మనోళ్లకి చెప్పు. శరవేగ లైన్లన్నీ కోసెయ్యమను. అందరికీ పోతే మనల్నెవడూ అడగడు. స్తంభాల నంబర్లు చదువు."

"చదవనండి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

లైన్‌మెన్‌కు ఆయనే స్వయంగా ఫోన్ చేశారు. ఒక్కరూ కోయలేదు. నిచ్చెనలు దిగి, వాటిని భుజాన వేసుకుని కాంప్లెక్సుకు నడిచి వచ్చారు. దారిలో శరవేగవాళ్లు కనబడితే వాళ్లూ దిగి వెంట వచ్చారు.

మేం బయటికి పోకుండా బుల్లబ్బాయి మా ఆఫీసు షట్టరు దించి తాళం వేయించాడు. లోపల తొమ్మిదిమందిమి. ఏసీ ఆపేశారు. బ్యాటరీల వేడి, మిషన్ల రొద. ఊపిరాడటం లేదు. కిందనుంచి పిల్లల కేకలు. నేను కిటికీ ఊచలు పట్టుకుని అరిచాను.

"తమ్ముళ్లూ, కేబుల్ తెగింది రోడ్డు తవ్వడంలో! అయినా నెట్ అసలు లేకుండా పోలేదు! పక్క గదిలో ఉంది. మధ్యలో ఒక గోడ, ఇద్దరు ఓనర్లు ఉన్నారు, అంతే! పక్కవాళ్ల లైన్లు కూడా కోసెయ్యమని మాకు చెప్పారు. మేం కోయం అని చెప్పాం. అందుకే తాళం వేశారు!"

ఒకమ్మాయి కిందనుంచి కేకేసింది. "కథలొద్దక్కా! రెండింటికి టెస్టుంది! ఇస్తరా, ఇయ్యరా?"

అప్పుడే గోడలోంచి చిలకమ్మ గొంతు వినిపించింది. "లక్ష్మమ్మా! ఏసీ పైపు కాడ బొక్కున్నది సూడు. గుడ్డలు కుక్కింది నేనే. గుంజు."

కుర్చీ ఎక్కి గుడ్డలు లాగాను. అవతలినుంచి వెలుతురు పడింది. పసుపు రంగు ఫైబరు తీగ కొస నా వేళ్లకు తగిలింది. చిలకమ్మ తోస్తోంది, కేదార్ వదులుతున్నాడు. తెచ్చి మా రూటరుకు పెట్టాను. కానీ తీగ ఒక్కటే చాలదు. అటు మిషనులో కూడా మా పిల్లలకు దారి ఇవ్వమని రాయాలి. ఆ పని చేయగలిగింది శరవేగ ఇంజనీరు అనుదీప్.

"నా వల్ల కాదక్కా" అన్నాడతను బొక్కలోంచి. "నా సర్టిఫికెట్లు సుత గీడనే ఉన్నయ్. నౌకరి పోతది. కేసు పడ్తది. ఇంటికాడ నా ఒక్కడి మీదనే నడుస్తున్నది."

"నీతో పాటు నామీదా పడుతుంది" అన్నాను.

"అన్నా, నువ్వు జరుగు" అన్నాడు కేదార్. "ఏది కొట్టాల్నో చెప్పు, నేను కొడ్త. కేసు నాకెట్లైనా ఉన్నది."

"నీకేమొస్తదిరా, ఉన్నది సుత పోగొడ్తవ్" అని అనుదీప్ విసుక్కున్నాడు. తర్వాత కీబోర్డు చప్పుడు మొదలైంది.

ఒంటిగంట నలభైకి రెండు మిషన్లూ ఒకదాన్నొకటి గుర్తుపట్టాయి. అందరికీ సరిపోయేంత దారి లేదు. వీడియోలన్నీ ఆపేసి టెస్టు రాసేవాళ్లకే వదిలాను. కింద ఒక్కసారిగా హోరు లేచింది. లైన్‌మెన్ రాడ్లతో షట్టరు తాళం పగలగొట్టారు. హాస్టళ్లకు తిరిగిపోయే టైము లేని పిల్లలు మా వైఫై పట్టుకుని మెట్ల మీదే కూర్చున్నారు. నాలుగో అంతస్తు నుంచి గేటు దాకా, ఒక్కో మెట్టు మీద ఇద్దరు, ఒళ్లో ల్యాప్‌టాప్‌లు.

రెండున్నరకు ఓనర్లిద్దరూ పోలీసులను వెంటబెట్టుకుని వచ్చారు. ఎక్కడానికి మెట్టు ఖాళీ లేదు. పిల్లల వెనక రెండు కంపెనీల లైన్‌మెన్ నిచ్చెనలు అడ్డంగా పట్టుకుని నిలబడ్డారు. వజ్రమ్మ అందరికంటే ముందుంది.

"లేవండి, లేవండి!" అని విజయేందర్ అరిచాడు.

"టెస్టు నడుస్తుంది సార్, సప్పుడు జేయకుండ్రి" అందొక అమ్మాయి తెర మీంచి చూపు తిప్పకుండా. ఇన్‌స్పెక్టర్ ఆమెనూ, పైన వరసగా కనబడే తలలనూ చూసి ఆగిపోయాడు. గంటసేపు పోలీసులు గేటు దగ్గరే నిలబడ్డారు.

టెస్టు అయ్యాక పైకి వచ్చారు. విజయేందర్ తన చేత్తోనే తీగ పట్టి పీకాడు. అమీర్‌పేట మళ్లీ ఆగిపోయింది. ఈసారి ఎవరు ఆపారో మెట్ల మీదున్న అందరూ చూశారు. కేదార్‌ను, అనుదీప్‌ను, నన్ను జీపెక్కించారు. జీపు కదలడానికి ముప్పావుగంట పట్టింది. లైన్‌మెన్ నిచ్చెనలన్నీ రోడ్డుకు అడ్డంగా పడుకోబెట్టారు. వాటి పక్కన పిల్లలు కూర్చున్నారు.

స్టేషన్లో హనుమత్ప్రసాద్ గారు ఒక నీలం ఫైలు టేబుల్ మీద పెట్టారు. నాదే. పైన టెన్త్ మెమో కనబడుతోంది.

"ఇవి తీసుకుని ఇంటికెళ్లిపోమ్మా. ఓదెలు సొంతంగా దొంగతనం చేశాడని రెండు లైన్లు రాసివ్వు చాలు. ఆడపిల్లవి, నీకెందుకీ గొడవ?"

మీతో అబద్ధమాడను, ఆ ఫైలు మీద చెయ్యి వేశాను. ఆరేళ్ల తర్వాత మొదటిసారి. తీసుకుని తలుపు దాటితే ఇంకెక్కడైనా ఉద్యోగం. కానిస్టేబుల్ తెల్లకాగితం ఇచ్చాడు. ఫైలు మీంచి చెయ్యి తీసి, ఎవరు ఆజ్ఞ ఇచ్చారో, ఏ స్తంభమో, ఎన్ని గంటలకో, నేను ఏమని చదివానో అన్నీ రాసి సంతకం పెట్టాను. హనుమత్ప్రసాద్ గారు చదివి, ఫైలు చంకలో పెట్టుకుని వెళ్లిపోయారు.

నాలుగు రోజుల తర్వాత మాకు బెయిలొచ్చింది. నా కాగితం కోర్టులో చూపించాక పదహారో రోజున ఓదెలు బయటికొచ్చాడు. వజ్రమ్మ అన్నం కలిపి పెడుతోంది, అతని కుడిచెయ్యి ఇంకా నోటిదాకా రావడం లేదు. కేసులు నడుస్తున్నాయి. మా ముగ్గురివీ ఉద్యోగాలు పోయాయి. సర్టిఫికెట్లు బీరువాల్లోనే ఉన్నాయి. ఎక్కడికి పోయినా ఒరిజినల్స్ ఏవని అడుగుతారు. ప్రతి వారం స్టేషన్లో సంతకం పెట్టాలి. బయటపడ్డామని చెప్పను. ఇంకా లోపలే ఉన్నాం. కానీ ఆదివారాలు చిలకమ్మ ఇంట్లో రెండు కంపెనీలవాళ్లం కూర్చుంటున్నాం. సంఘానికి పేరింకా కుదరలేదు, వాదన నడుస్తోంది.

పోయిన ఆదివారం ఆ వాదన మధ్యలో తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. పక్కన బస్సుల రొద.

"లక్ష్మక్కనా? మేం ఖైరతాబాద్ల ఉంటం. మీకు తెల్వని కంపెనీ. మమ్మల్ని సుత పక్కోళ్ల వైర్లు కొయ్యమన్నరు. మేం కొయ్యం అని చెప్పినం. సారు మమ్మల్ని ఆరుగుర్ని గోదాంల పెట్టి గేటుకు తాళమేసిండు. ఏం జేయాల్నో తెలుస్తలేదు."

ఫోన్ స్పీకర్లో పెట్టాను. అందరూ విన్నారు. ఓదెలు ఎడమచేత్తో గోడ పట్టుకుని లేచాడు. కేదార్ అప్పటికే చెప్పులు వేసుకుంటున్నాడు.

"గోదాం యాడ తమ్మీ?" ఓదెలు ఫోన్లోకి వంగి అడిగాడు. "గుర్తులు చెప్పు. మస్తుమందిమి వస్తున్నం."