లోపల వదిలిన గుడ్డ

ఆ నగరానికి కొత్త పోలీసు కమిషనర్ ఎవరో ప్రభుత్వం కన్నా ముందు టైలర్ మాస్టారికే తెలుస్తుందని ఒక మాట ఉండేది. మాట కొంచెం ఎక్కువే గానీ మరీ అబద్ధం కాదు.

కమిషనర్ ఆఫీసు గేటుకి ఎదురుగా, రోడ్డుకి ఇవతల, ముందు గదిలో కొట్టూ వెనక గదుల్లో కాపురమూ. కొట్టు పెట్టింది మాస్టారి నాన్న. ఈ ఊరికి కమిషనర్ అనే ఉద్యోగం పుట్టినప్పుడు మొదటాయనకి యూనిఫాం కుట్టింది కూడా ఆ పెద్దాయనే. అప్పటినుంచీ ఆ కుర్చీ ఎక్కిన ప్రతి మనిషి భుజాలూ నడుమూ ఈ ఇంటివాళ్ళ టేపు కిందికి వచ్చినవే.

పద్ధతి ఏమిటంటే, కుర్చీ ఖాళీ అయ్యే ముందు మూడు పేర్లు పైకి వెళతాయి, ఒకటి కిందికి దిగుతుంది. దిగిన మర్నాడే కొత్తాయన కొత్త హోదా బట్టల్లో చార్జి తీసుకోవాలి. ఒక్క రాత్రిలో అలాంటి బట్టలు తయారుకావు. అందుకని ఆశ ఉన్న ముగ్గురూ ముందే వచ్చి కొలతలిచ్చిపోతారు. ఇచ్చేది ముందు గుమ్మంలోంచి కాదు, పెరటి గుమ్మంలోంచి. "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అని మాస్టారి భార్య కాజాలు కుడుతూ నవ్వేది. ఎవరు వచ్చిందీ రెండోవాడికి తెలియనివ్వకపోవడం ఆ ఇంటి కట్టుబాటు. పెద్దాయన పోతూ పోతూ కొడుక్కి అప్పజెప్పింది ఒక కత్తెరా, ఈ కట్టుబాటూ, ఇంకొక కిటుకూను.

కిటుకు ఇది. మామూలు పోలీసుల చొక్కాలకి కుట్టు వారన మిగిలిన గుడ్డ కత్తిరించేస్తారు. ఒంటికి అతికినట్టుండాలని వాళ్ళ సరదా. కమిషనర్ చొక్కాకి మాత్రం పక్కకుట్ల లోపల రెండు వేళ్ళ వెడల్పు గుడ్డ వదలాలి. "ఆ కుర్చీలో చిక్కిపోయినవాణ్ణి నేను చూళ్ళేదురా" అనేవాడు పెద్దాయన. నిజమే. మొదటాయన గుర్రం మీద తిరిగి కూడా రెండేళ్ళకి కుట్లు విప్పించుకున్నాడు. ఆ తరవాతాయన మంత్రిగారి వియ్యంకుడని కుర్చీలోకి వచ్చి, మంత్రితోపాటే దిగిపోయాడు. ఆ కొద్దికాలంలోనే ఆయనకి గుండీలు పట్టడం మానేశాయి. ఇంకొకాయన ఎవరి సిఫార్సూ లేకుండా వచ్చాడు, కొలతలిస్తూ చిన్నపిల్లాడిలా కళ్ళు తుడుచుకున్నాడు. మొదటిసారి ఒక ఆడమనిషి ఆ కుర్చీ ఎక్కినప్పుడు మాస్టారు మొహమాటపడి గుడ్డ కత్తిరించబోతే, "నాకు మాత్రం వదలరా మాస్టారూ? నేనేం తక్కువ తిన్నానా?" అని నవ్వించింది. ఆ రోజులు తలుచుకుంటే మాస్టారికి ఇప్పటికీ కడుపు నిండినట్టుంటుంది.

అయితే వీళ్ళందరూ ఒక ఎత్తు, బామ్మర్ది ఒక ఎత్తు.

బామ్మర్ది అంటే మాస్టారి భార్యకి తోడబుట్టినవాడేం కాదు. ముప్పయ్యేళ్ళ కిందట కుర్ర ఆఫీసరుగా ఈ ఊరొచ్చి, ప్యాంటు కురచ చేయించుకోడానికి కొట్టుకొచ్చి, మాస్టారి భార్యని "అక్కా, మంచినీళ్ళు" అన్నాడు. అంతే, ఆవిడకి తమ్ముడైపోయాడు, మాస్టారికి బామ్మర్దయిపోయాడు. ప్రతి ఆదివారం వచ్చేవాడు. బెంచీ మీద కాళ్ళు బారజాపుకుని, "మా అక్కని ఇచ్చినందుకు నాకేం మిగిల్చావు బావా, ఈ రెండు కుర్చీలూ పాత మిషనూ తప్ప?" అని ఏడిపించేవాడు. పెద్ద ఆఫీసరయ్యాక కూడా కారు సందు చివర ఆపి నడిచి వచ్చేవాడు.

ఎనిమిదేళ్ళ కిందట అతని పేరు పైకి వెళ్ళింది. చొక్కా తయారైంది. పేరు మాత్రం కిందికి దిగలేదు, ఇంకెవరిదో దిగింది. ఆ తరవాత ఆదివారాలు పలచబడ్డాయి. నెలకోసారి, ఆపైన పండక్కీ పబ్బానికీ. బాధ వల్ల రావడం లేదనుకున్నారు మాస్టారు. ఈసారి అతని పేరు మళ్ళీ వెళ్ళింది. ఏడాది చివర్లో రిటైరు, ఇక ఇంకో అవకాశం లేదు. బామ్మర్దికి కుర్చీ రావాలని మాస్టారు కోరుకున్నది కుర్చీ కోసం కాదు. అది వస్తే మనిషి మళ్ళీ తమవాడవుతాడని.

ఆ రోజు మధ్యాహ్నం పెరటి గుమ్మం చప్పుడైంది. వారం కిందట కొలతలిచ్చి వెళ్ళిన ఇంకో ఆఫీసరు, బక్కపలచటి మనిషి, లోపలికొచ్చి గొంతు తగ్గించాడు.

"సంతకం అయిపోయింది మాస్టారూ, నాకే. రాత్రికి బయటపెడతారు. పొద్దున పదింటికి చార్జి తీసుకోవాలి. అప్పటిదాకా మీ ఇంటి గోడక్కూడా తెలియకూడదు."

"అలాగే సార్" అన్నారు మాస్టారు. కాజాలు కుడుతున్న భార్య తలెత్తలేదు, సూది మాత్రం ఆగిపోయింది.

సాయంత్రం బామ్మర్ది వచ్చాడు, ముందు గుమ్మంలోంచే. కొలత సరిచూడ్డానికి కచ్చాకుట్టు వేసి ఉంచిన చొక్కా తొడుక్కుని అద్దం ముందు నిలబడ్డాడు. జుట్టు నెరిసింది, భుజాలు మాత్రం అవే.

"ఎలా ఉన్నాను బావా? ఈసారైనా కుర్చీకి నచ్చుతానా?"

"చెయ్యెత్తు" అన్నారు మాస్టారు.

అక్క టీ తెచ్చి బల్ల మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. బామ్మర్ది హుషారుగా పాత కబుర్లు తవ్వుతున్నాడు. గుర్రం కమిషనర్ సంగతి, వియ్యంకుడి సంగతి. మాస్టారు ఊఁ కొడుతూ చొక్కా విప్పించి, బల్ల మీద పరిచి, సుద్దతో గీత గీసి కత్తెర అందుకున్నారు. చెప్పెయ్యాలని నాలుక చివరిదాకా వచ్చింది. ఇంకో గంటకో రెండు గంటలకో ఎలాగూ తెలిసేదే కదా అనిపించింది. నాన్న గుర్తొచ్చాడు. నోరు మూసుకున్నారు.

నోరు మూసుకున్నారు గానీ చేతిని మరిచిపోయారు. కమిషనర్ కాని మనిషి చొక్కాకి ముప్పయ్యేళ్ళుగా ఏం చేస్తోందో ఆ చెయ్యి అదే చేసింది. కుట్టు వారన రెండు వేళ్ళ వెడల్పు ఖాకీ పీలిక బల్ల మీంచి జారి నేల మీద పడింది.

బామ్మర్ది వంగి ఆ పీలికని తీశాడు. ఈ కొట్టు బెంచీ మీద ముప్పయ్యేళ్ళు కూర్చున్నవాడు, అతనికి వేరే చెప్పక్కర్లేదు.

"నాది కాదన్నమాట" అన్నాడు.

మాస్టారు కత్తెర బల్ల మీద పెట్టేశారు. "నేనేం అన్లేదు" అన్నారు.

"అన్లేదు బావా. అదే చూస్తున్నాను." బెంచీ మీద కూలబడ్డాడు. పీలికని వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చున్నాడు. తరవాత నెమ్మదిగా అన్నాడు. "పోయినసారి నా పేరెందుకు కొట్టేశారో తెలుసా? 'ఆర్డరు రాకముందే బట్టలు కుట్టించుకున్నాడట, ఎంత తొందర!' అని ఎవరో పైకి మోశారు. నా మొహం మీదే అని నవ్వారు. బట్టలు కుట్టించిన సంగతి నాకూ, నీకూ, అక్కకీ తప్ప తెలీదనుకున్నాను."

మాస్టారికి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక కుర్చీ పోయిన బాధకన్నా ఇది ఎక్కువ నొప్పి పెట్టింది.

"అంటే ఇన్నాళ్ళూ మేమే చెప్పామని..."

"అడగలేకపోయాను బావా. మర్చిపోలేకపోయాను. ఆదివారం బయల్దేరేవాణ్ణి, సందు మొదట్లోంచే వెనక్కి తిరిగేవాణ్ణి." అతని కళ్ళు ఎర్రబడ్డాయి. "ఇవాళ చూశాను. నాకోసమైనా సరే నీ నోరు పెగల్లేదు. అక్క నా మొహం చూస్తే ఏడుస్తానని టీ పెట్టి పారిపోయింది. ఆ మోసినవాడెవడో నాకిప్పటికీ తెలీదు. ఈ ఇంటివాళ్ళు మాత్రం కాదు. ఎనిమిదేళ్ళు పాడు చేసుకున్నాను."

"ఆ మాట అప్పుడే మీ బావ చొక్కా పట్టుకుని అడగొద్దూ, వెధవా!" అంటూ అక్క కర్టెన్ తోసుకుని వచ్చేసింది. తిట్టిందో ఏడ్చిందో ఆవిడకే తెలియాలి. "కమిషనర్‌వి కాకపోతే పోయావు, భోజనానికైనా ఉంటావా, ఉండవా?"

"ఉంటానక్కా."

మాస్టారు గడియారం వంక చూశారు. అది బామ్మర్ది కంటపడింది.

"రేపటికి ఇవ్వాల్సింది లోపల ఉందిగా? ఎవరిదని అడగనులే. వెళ్ళి కుట్టుకో."

"దీపం వెలుగులో నాకు సూదిలో దారం ఎక్కడం లేదిప్పుడు" అన్నారు మాస్టారు, ఒప్పుకోలేక ఒప్పుకుంటూ. "మీ అక్కకీ అంతే."

బామ్మర్ది స్టూలు లాక్కుని, కర్టెన్‌కి వీపు పెట్టి, లోపలికి కన్ను పడకుండా కూర్చున్నాడు. దారం కొస నోట్లో తడిపి, సూదిలో ఎక్కించి, వెనక్కి తిరక్కుండా భుజం మీంచి చెయ్యి చాపాడు. కర్టెన్ సందులోంచి మాస్టారు అందుకున్నారు. కళ్ళలో నీళ్ళు అడ్డంపడి సూది కనబడలేదు, బామ్మర్ది వేళ్ళు మాత్రం తగిలాయి.

"ఇంకోటి ఎక్కించనా బావా?"

"ఎక్కించరా" అన్నారు మాస్టారు.