కర్త ఎవరు?

"రిలక్టెంట్!"

వరండాలోంచి కేక వచ్చేసరికి మ్వానైది కొబ్బరి కోరుతోంది. కోరుడు పీటకి ముందువైపు మూతిలా చాచుకున్న ఇనప పళ్లుంటాయి. ఆ ఊళ్లో దాన్ని మేక అనే అంటారు. మేక మీద ఒత్తిగిల్లి కూర్చుని, చిప్ప తిప్పుతూ, చెయ్యి ఆపకుండానే జవాబు చెప్పింది.

"మనసొప్పక, అయిష్టంగా. వాక్యం: వానకి తడిసిన బొగ్గు అంటుకోవడానికి రిలక్టెంట్‌గా ఉంది."

"భేష్! ఇంకోటి. స్కార్స్!"

"కొరతగా. ఈ ఇంట్లో తినే నోళ్లకి కాదు, పనిచేసే చేతులకే స్కార్స్."

"హాస్యాలొద్దు. పిల్లలు పరీక్ష రాయాలి."

"ఎండల్లో బావినీళ్లు స్కార్స్."

"ఆఁ, అదీ!" అన్నాడు బకారి మాస్టారు. పెన్సిలు గీరుకున్న చప్పుడు వినిపించింది.

ఆరేళ్లుగా ఆ ఇంటికి తెల్లవారేది ఇలాగే. ముహేజా అనే ఆ ఊళ్లో ఏడో తరగతి దాకా చదువంతా వాళ్ల భాష స్వాహిలీలో సాగుతుంది. హైస్కూల్లో మొదటి తరగతి, ఫారం వన్ గుమ్మం దాటగానే లెక్కలూ సైన్సూ చరిత్రా అన్నీ ఇంగ్లీషే. ఈత రాని పిల్లల్ని నడి ఏట్లో దింపినట్టుంటుంది. అందుకని ఆ రెండింటి మధ్య దొరికే నాలుగు నెలలూ పిల్లలు బకారి మాస్టారి రేకుల షెడ్డుకి వచ్చి ఇంగ్లీషు మాటలు మూటగట్టుకుంటారు. "మిగతావాళ్లు అర్థం చెప్తారు, బకారి మాటని కళ్లకి కట్టిస్తాడు" అంటారు తల్లులు. ఆ కళ్లకి కట్టించే వాక్యాలన్నీ వంటింట్లోంచి వెళ్లినవే. అబ్జార్బ్ అంటే, బియ్యం కొబ్బరిపాలన్నీ పీల్చేసుకుంది. ఫ్రెజైల్ అంటే, అమ్మ గుడ్ల బుట్టని బస్సులో ఒళ్లో పెట్టుకుంది. బర్డెన్ అనే మాటకి ఆమె వాక్యమేమీ వెతుక్కోలేదు. ఆ క్షణాన నెత్తి మీద నీళ్ల బిందె ఉంది, ఉన్నదే చెప్పింది. మాస్టారి చేతిరాత కోడి కెలికినట్టుంటుంది కాబట్టి, చిత్తుకాగితాల మీదివన్నీ పుస్తకాల్లోకి ఎత్తిరాసే పనీ ఆమెదే. అలా ఎత్తిరాసిన లావుపాటి నోటుపుస్తకాలు ఆరు, బియ్యం డబ్బా వెనక వరసగా ఉన్నాయి.

మ్వానైది కూడా పంతులమ్మ కావలసిన మనిషే. ట్రైనింగ్ కాలేజీలో ఇంగ్లీషులో ఆమెదే మొదటి స్థానం. ఉద్యోగం కాగితం వచ్చింది కూడా, దేశానికి ఆ కొసన, రుక్వాలో. "అంత దూరమా? మరి మా అమ్మని ఎవరు చూస్తారు?" అన్నాడు అప్పటికి కొత్త మొగుడైన బకారి. ఆ కాగితాన్ని అత్తగారు పెరుగు గిన్నె మీద మూతగా పెట్టింది. కావాలని కాదు, ఆవిడకి చదువు రాదు. కానీ అది చూసి బకారి నవ్వాడు. అతనికి చదువు వచ్చు. ఆ నవ్వు మీద కోపం మ్వానైదికి పదిహేనేళ్లయినా చల్లారలేదు, బూడిద కింద నిప్పులా అలాగే ఉంది. ఆ తర్వాత ఆమె జుహురా అమ్మ అయింది. పాలవాడికీ, పక్కింటికీ, షెడ్డు పిల్లలకీ, చివరికి మొగుడికీ జుహురా అమ్మే. మ్వానైది అనే మనిషి ఒకతె ఉందని, వోటరు కార్డు తీసి చూసుకుంటే తప్ప, ఆమెకే గుర్తు రావడం మానేసింది.

నిన్న సాయంత్రం టాంగాలోని ప్రెస్సు నుంచి బస్సులో ప్రూఫులు వచ్చాయి. ఆరు నోటుపుస్తకాలూ కలిసి అచ్చు పుస్తకం కాబోతున్నాయి. తప్పులు దిద్ది ఇవాళ పదింటి బస్సుకి తిరిగి పంపాలి. దిద్దే పనీ ఆమెదే. చిప్ప పక్కన పెట్టి, చేతులు ఒంటికి చుట్టుకున్న కాంగా గుడ్డకి తుడుచుకుని కట్ట విప్పింది. మొదటి పేజీలో పెద్దక్షరాలు: మాటలు, అర్థాలు, వాక్యాలు. రచన, బకారి షెమ్వేటా. దాని వెనక పేజీలో ఒక్క వాక్యం: "ఈ పుస్తకం రాసినన్నాళ్లూ ఓపికగా టీ కాచి ఇచ్చిన నా ఇల్లాలికి."

ఆమె ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివింది. వ్యాకరణం తప్పేమీ లేదు.

ఎమ్ అక్షరం దగ్గర మళ్లీ ఆగింది. మ్యారీ అనే మాటకి తను ఎత్తిరాసిన వాక్యం "మ్వానైది బకారిని పెళ్లాడింది" అని. అచ్చులో అది లేదు. "బకారి మ్వానైదిని పెళ్లాడాడు. మ్వానైది బకారిచేత పెళ్లాడబడింది" అని ఉంది. కింద నల్లగా గమనిక: స్త్రీ విషయంలో ఎప్పుడూ రెండో విధంగానే రాయవలెను.

టీ ఫ్లాస్కు ఒక చేత, ఆ పేజీ ఒక చేత పట్టుకుని వరండాలోకి వచ్చింది. మాస్టారు చాప మీద ఉన్నాడు. ఎదురుగా పిండిమర రజాబు. అత్తగారు గోడకి ఆనుకుని బియ్యంలో మట్టిగడ్డలు ఏరుతోంది. పదమూడేళ్ల జుహురా బూట్లు తొడుక్కుంటోంది. ఈ యేడు షెడ్డులో తనూ ఒక విద్యార్థిని.

"జుహురా నాన్నా, మ్యారీ దగ్గర నా వాక్యం మార్చారేం?"

"తప్పు రాశావు, మార్చాను. ఆడది పెళ్లాడుతుందా ఎక్కడైనా?"

స్వాహిలీలో ఆ క్రియకి రెండు ముఖాలు. మగవాడిది ఓవా, అంటే పెళ్లాడతాడు. ఆడదానిది ఓలేవా, అంటే పెళ్లాడబడుతుంది. అటుదిటు చేస్తే తప్పు మాత్రమే కాదు, తిట్టు. పెళ్లాడబడ్డ మగవాడంటే పెళ్లాం చెప్పుచేతల్లో ఉన్నవాడని ఊరంతా నవ్వుతారు.

"ఇంగ్లీషులో ఆ తేడా లేదండీ. ఇద్దరికీ ఒకటే మాట. పెళ్లి చేసుకున్న మనిషి ఆడదైనా ఆమే కర్త."

రజాబు తొడ చరిచాడు. "ఓరి నాయనో! అయితే ఈవిడే నిన్ను పెళ్లాడిందా మాస్టారూ? మరి గోరింటాకు నువ్వే పెట్టించుకున్నావా? ఏడీ, ఆ చేతులిలా చూపించు!"

అత్తగారు చేట ఆపింది. "నేను కాళ్లరిగేలా తిరిగి అడిగి తెచ్చుకున్నానమ్మా దీన్ని. సంతలో మేకని తెస్తే, ఇంటికొచ్చాక మేకే మనల్ని తోలుకొచ్చానంటోంది!"

రజాబు పడీపడీ నవ్వాడు. బకారి నవ్వలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. "నలుగురూ చదివే పుస్తకంలో నా పేరు పెట్టి, నేను ఓలేవా అయ్యానని అచ్చేయించమంటావా? రాసింది నేనా, నువ్వా?"

"అదే నేనూ అడుగుతున్నాను. ఎవరు రాశారు?"

"నాలుగు వాక్యాలు అందించినంత మాత్రాన రాసినట్టేనా? మేస్త్రీకి ఇటుకలు అందించినవాళ్ల పేర్లు ఇంటి మీద చెక్కుతారా? అయినా నిన్నూ వేశాను కదే రెండో పేజీలో!"

"ఎక్కడ వేశారు? నా పేరు లేదే."

"'నా ఇల్లాలికి' అని లేదూ? నాకెంతమంది ఇల్లాళ్లున్నారేంటి?"

"అదే ఇద్దరు పెళ్లాల మన రషీదు రాసుంటేనా," అందుకున్నాడు రజాబు, "ఇద్దరూ ఆ పేజీ కోసం జుట్లు పట్టుకునేవాళ్లు!"

ఈసారి బకారి కూడా నవ్వాడు. తేలిపోయింది అనుకుని లేచాడు. "పదింటి బస్సుకి ఆ కట్ట ఇచ్చెయ్. గమనిక తియ్యకు. మధ్యాహ్నం కొబ్బరన్నం వండు, రజాబు ఇక్కడే తింటాడు." షెడ్డువైపు నడిచాడు. వెనకే వెళ్లబోయిన జుహురా మెట్టు మీద ఆగింది.

"అమ్మా, పరీక్షలో ఈ మాటొస్తే నేను ఏది రాయాలి? నీదా, నాన్నదా?"

"ఏది ఒప్పో అది."

"షెడ్డులో అందరం నాన్నదే రాసుకున్నాం. మేం పదిహేడు మంది ఆడపిల్లలం."

జుహురా వెళ్లిపోయింది. మ్వానైది వంటింట్లోకి వచ్చి మళ్లీ మేక మీద కూర్చుంది, కానీ చిప్ప అందుకోలేదు. పదిహేడు మంది. వాళ్లు రాసుకుంటారు. అచ్చయ్యాక టాంగాలో, కొరొగ్వేలో, ఇంకా ఎక్కడెక్కడో రాసుకుంటారు. ఏమని? ఆడదానికి కర్త స్థానం ఇంగ్లీషులో కూడా లేదని. స్వాహిలీ ఇవ్వనిది ఆ పరాయి భాష ఊరికే ఇస్తుంటే, మధ్యలో కూర్చుని ఈయన లాక్కుంటున్నాడు, అదీ తన వాక్యాల పుస్తకంలో. తన బతుకంతా ఆ గమనిక ప్రకారమే రాసి ఉంది కదా అనుకుంది. అడగబడింది, తీసుకురాబడింది, ఆపబడింది. ఇప్పుడు కృతజ్ఞతలు చెప్పబడింది, టీ కోసం. ఏ వాక్యంలోనూ క్రియ తనది కాదు. ఇన్నాళ్లూ దాన్ని ఓపిక అన్నారు. అది ఓపిక కాదు. పొయ్యి మీద మూతపెట్టిన గిన్నె. మూత ఎగురుతుంటే పైన ఇంకో రాయి పెడుతూ వచ్చింది, అంతే.

ఎర్ర పెన్ను తీసింది. ముందు గమనికని కొట్టేసింది. దాని మీద "మ్వానైది బకారిని పెళ్లాడింది" అని స్పష్టంగా రాసింది. టీ వాక్యానికి అడ్డంగా ఒక్క గీత. తర్వాత మొదటి పేజీకి వచ్చి చాలాసేపు ఆలోచించింది. కోపంలో కూడా అబద్ధం రాయడం ఆమె చేత కాదు. మాటలు ఏరింది ఆయనే. షెడ్డులో గొంతు చించుకున్నదీ ఆయనే. రచన అన్న మాట కొట్టేసి, దిద్దింది. మాటలు: బకారి షెమ్వేటా. వాక్యాలు: మ్వానైది సేఫు. ఆఖరి పేజీ అడుగున సరిచూసినవారి సంతకానికి చోటుంది. అక్కడ సంతకం చేసింది. పదిహేనేళ్లుగా రాయని తండ్రి పేరుతో సహా, పూర్తిగా.

ప్రూఫులూ ఆరు నోటుపుస్తకాలూ ఒక సంచిలో పెట్టుకుంది. తలకి కాంగా చుట్టుకుని బయటికొస్తుంటే అత్తగారు చేట ఎత్తి పట్టుకుంది. "బియ్యం ఇవిగో. ఎక్కడికీ?"

"బస్సుకి."

షెడ్డు కిటికీ దగ్గర జుహురాని పిలిచి, "టాంగా వెళ్తున్నాను, సాయంత్రానికి వస్తాను. ఎవరైనా అడిగితే చెప్పు" అంది. జుహురా సంచివైపు చూసి తలూపింది.

బస్టాండులో నారింజల గుట్టల పక్కన బస్సు రొద పెడుతోంది. కండక్టరు ఆరేళ్లుగా తెలిసినవాడే. ఆమెని చూడగానే పార్సిళ్ల రసీదు పుస్తకం తెరిచాడు. "పంపినవారు బకారి మాస్టారు. అంతే కదా, జుహురా అమ్మా?"

"కాదు. మ్వానైది సేఫు."

అతను కలం ఎత్తి చూశాడు. "ఎవరావిడ? ఈ ఊళ్లో ఎప్పుడూ వినలేదే."

"నేనే."

"అయ్యో!" అని నాలిక కరుచుకున్నాడు. "సరే, తీసుకునేవారు?"

"పార్సిలు కాదు. నేనే ప్రెస్సుకి పట్టుకెళ్తున్నాను. కిటికీ పక్క సీటియ్యి."

బస్సు ఊరి పొలిమేర దాటిందో లేదో, ఫోను మోగింది. వెనక షెడ్డు పిల్లల గోల వినిపిస్తోంది.

"జుహురా ఏదేదో అంటోంది. బస్సెక్కావా? టాంగాకా? ఎవరు పంపారు నిన్ను?"

ఒళ్లో ఉన్న సంచిని మ్వానైది ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

"నన్నెవరూ పంపలేదు. వెళ్తున్నాను."

"మరి వంట? రజాబుని భోజనానికి ఉండమన్నాను!"

"కొబ్బరి సగం కోరి ఉంచాను," అంది మ్వానైది. "మేక ఖాళీగానే ఉంది, కూర్చోండి."