నీడలోనూ కురిసిన కణాలు

అరుణజ్యోతి బిగించిన పరికరం టీగ్లాసంత ఉంటుంది. ఆమె పనిచేసే కువైట్ కాలేజీవాళ్ళు తయారుచేసిన బుల్లి ఉపగ్రహంలో కూర్చుని అది భూమి చుట్టూ తిరుగుతోంది. సూర్యుడు ఉగ్రుడై విసిరే ప్రోటాన్లు ఎన్ని తగిలాయో లెక్కపెట్టడమే దాని పని. కానీ అది పైకి వెళ్ళినప్పటినుంచీ సూర్యుడు బుద్ధిమంతుడిలా ఉండిపోయాడు.

ఆ ఉదయం సూర్యుడి మీద పెద్ద పేలుడు జరిగింది. ఉపగ్రహం కువైట్ మీదుగా పోతూ మొదటి విడత సమాచారం దింపగానే, తోటి ఇంజనీరు అనీసా ఎగిరి గంతేసింది.

"వచ్చినయ్ జ్యోతీ! తెర మీద గీత ఎట్ల లేచిందో చూడు!"

హైదరాబాదు పిల్ల అనీసాకు సంతోషమొస్తే పట్టపగ్గాలుండవు. జ్యోతి మాత్రం ఆ గీత ఎక్కడిదో వంగి చూసింది. దిగింది ఉత్తర ధ్రువం దగ్గరి ముక్కే, అదీ ఉపగ్రహం ఎండలో ఉన్నప్పటిది. పరికరం మూతికి వెలుగు చొరబడకుండా పల్చటి అల్యూమినియం రేకు అతికించింది తనే. దానికి సూదిమొనంత చిల్లుపడినా, ఉత్త ఎండకే కణాలొచ్చాయని పరికరం అబద్ధం చెబుతుంది.

"దక్తూరాకు ఇప్పుడే చెప్పొద్దు," అంది జ్యోతి, తమ ప్రొఫెసరమ్మ గది వైపు చూస్తూ. "ఈ కాలంలో దక్షిణ ధ్రువం కాడ ఉపగ్రహం భూమి నీడలో ఉంటాది. సూర్యుడి కణాలు అయస్కాంత రేఖలెంబడి తిరుక్కుంటా ఆ నీడలోకీ వస్తాయి. వెలుగుకు ఆ పని చేతగాదు. ఆ లెక్క చూసినాకే చెప్దాం."

అది దిగేది మధ్యాహ్నానికి. ఈలోగా జ్యోతి తండ్రి సిద్ధయ్య క్యారియర్ పట్టుకుని వచ్చాడు. ముబారక్ అల్ కబీర్‌లో ఒక ఇంటికి డ్రైవరు. మామా అని పిలిచే ఆ ఇంటి యజమానురాలిని బజారులో దింపి, సందు చూసుకుని ఇటు తిరిగాడు.

"ఏంది పాపా, మొగం వాడిపోయింది?"

"నేను అతికించిన రేకు చిల్లుపడిందేమో నాయినా. పడింటే ఇన్నాళ్ళ పని ఖలాస్."

సిద్ధయ్యకు రేకు సంగతి తెలియదు, కూతురి భయం తెలుసు. "ఇప్పుడు పైకెక్కి అతికించలేవు గదా! ముందు సంగటి తిను, చల్లారిపోతాది."

జ్యోతికి నవ్వొచ్చింది. అనీసా చెనిక్కాయల చట్నీ నాకి, కారం కారమని కళ్ళనీళ్ళు పెట్టుకుంటూనే మళ్ళీ చెయ్యి చాపింది.

చేతులు కడుక్కునేసరికి రెండో విడత దిగింది. తెర మీద ఎండ అయిపోయింది, నీడ మొదలైంది. దక్షిణ ధ్రువం దగ్గరకొచ్చేసరికి గీత నిటారుగా లేచింది.

"నీడలో! నీడలో కూడా వచ్చినాయి!" ఈసారి గంతేసింది జ్యోతి. ఇద్దరూ చేతులు పట్టుకుని దక్తూరా గదికి పరుగెత్తారు. పెద్దావిడ గీతను రెండుసార్లు చూసి, "మబ్రూక్!" అంటూ జ్యోతిని గట్టిగా కావలించుకుంది.

తిరిగొచ్చేసరికి సిద్ధయ్య అమ్ఘరాలో ఉన్న తన ఊరివాడు చిన్నపుల్లయ్యకు ఫోనులో చెబుతున్నాడు: "మా పాప సూర్యుణ్ణి పట్టుకునింది అబ్బీ!"

"పట్టుకోలేదు నాయినా, ఆడినుంచి వచ్చేటివి లెక్కపెట్టినాం."

"ఏదో ఒకటిలే, ఉండు," అని మళ్ళీ మొదటినుంచీ అందుకున్నాడు సిద్ధయ్య. మధ్యలో మామా ఫోను వస్తే, "యల్లా, వచ్చాండా," అని లేచాడు గానీ, మెట్లు దిగుతూ కూడా చిన్నపుల్లయ్యను వదల్లేదు.